జాగ్రఫీ చదివి ఏం జేస్తవ్ అని అడిగేటోళ్లకు

పది పాసైన తమ్మీ, చెల్లే,

రేపో మాపో ఇంటర్‌లో చేరుతవ్. ఉట్నూరులోనే చేరుతవో, బస్సెక్కి కరీంనగర్ పోతవో నాకు తెల్వదు. ఎక్కడికి పోయినా నిన్ను అడిగేది ఒక్కటే: ఎంపీసీయా, బైపీసీయా? మార్కులు తక్కువైతే సీఈసీ, ఇంకా తక్కువైతే హెచ్‌ఈసీ. ఈ నాలుగు పేర్లలో జాగ్రఫీకి ఒక్క అక్షరం లేదు. ఇంటర్ బోర్డు దగ్గర ఆ సబ్జెక్టు ఉంది, పుస్తకం ఉంది, ప్రాక్టికల్స్ కూడా ఉన్నయ్. మన పక్క కాలేజీల్లో అది చెప్పేటోళ్లు దొరకడమే కష్టం. నేను అడిగిన రోజు అడ్మిషన్ కాడ కూసున్న సారు నవ్విండు. "దేశాల పేర్లు బట్టీ కొట్టి ఏం జేస్తవ్ రా?" అన్నడు. నేనూ నవ్వి సీఈసీ ఫారం నింపిన. ఆ నవ్వుకు జవాబు ఇయ్యాల రాస్తున్న, చానా ఆలస్యంగా.

మన భూములు ముందు కాగితం మీద పోయినయ్. నిజాం కాలంలో రిజర్వ్ ఫారెస్ట్ హద్దులు గీసినప్పుడు మనం దున్నుకుంటున్న చేన్లు గీత లోపల పడ్డయ్. గీత పడ్డ నాటి నుంచి మనం సొంత ఊళ్లోనే ఆక్రమణదారులం. బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల 12 ఊళ్ల భూమికి కుమ్రం భీం హక్కు అడిగిండంటే, ఆ గీతను ఒప్పుకోనని చెప్పినట్టే. 1940లో ఆయన్ని చంపిన తర్వాతే సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను పంపి మన బాధలేందో రాయించుకుంది. 1943లో మార్లవాయిలో గోండు పిల్లలకు చదువు మొదలైంది. అక్షరం అట్ల మన చేతికొచ్చింది. నక్షా ఇంకా రాలే.

రాలేదనడానికి సాక్ష్యం కావాల్నా? 2025 మే 30న జీవో 49 వచ్చింది. కవ్వాల్ నుంచి తడోబా దాకా పులులు తిరిగే దారి అని చెప్పి, ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు 1,492 చదరపు కిలోమీటర్లను కన్జర్వేషన్ రిజర్వ్ అన్నరు. మనం రోడ్డెక్కినం, బంద్ జేసినం, జూలైలో సర్కారు జీవోను పక్కన పెట్టింది. రద్దు చేయలే, పక్కన పెట్టింది. ఆ పోరాటం మీద నాకు గౌరవమే. కానీ ఒక ప్రశ్న. ఆ హద్దు మీ గూడేనికి ఏ దిక్కు నుంచి పోతదో, మీ వాగు లోపల పడ్డదో బయట పడ్డదో, మ్యాప్ మీద వేలు పెట్టి చూపగలిగినోళ్లు మనలో ఎంతమంది ఉన్నరు? ఆఫీసర్ దగ్గర మ్యాప్ ఉంటది, మన దగ్గర నినాదం ఉంటది. మీటింగ్ అయినంక మిగిలేది మ్యాపే.

ఇంకా చిన్న లెక్క చూద్దాం. పోడు కొలవడానికి ఫోన్ పట్టుకొని వస్తరు. నీ చేను 100 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు అనుకో. దాదాపు ఎకరం. చెట్ల కింద ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్లు అటిటు కావడం మామూలే. నాలుగు పక్కలా ఐదేసి మీటర్లు లోపలికి జరిగిందా, 90 ఇంటూ 30, అంటే 2,700 చదరపు మీటర్లు. 27 గుంటలు కూడా నిండవు. 13 గుంటలు గాలికి పోయినట్టే. ప్రతిసారీ ఇట్లనే అయితదని అనను, ఒక్కోసారి పెరగొచ్చు కూడా. కానీ "సార్, ఈ మూల మళ్లా తీయండి" అనాలంటే ఆ ఫోన్ ఏం చేస్తుందో నీకు తెలిసుండాలె. చట్టం నీ పక్కనే ఉంది. అటవీ హక్కుల చట్టం కింద 2012లో సవరించిన నిబంధనల ప్రకారం ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు గానీ, వాటి స్థానంలో దాన్ని పెట్టరాదు. పెద్దమనిషి వాంగ్మూలం, బావి, కట్ట, శ్మశానం, పెన్ ఉండే జాగా, అన్నీ సాక్ష్యాలే. వాటిని నక్షా మీద పెట్టేటోడు గూడెంలో లేకపోతే ఫారెస్టోళ్లు గీసిందే మిగులుతది.

కరీంనగర్‌లో చదివేటోళ్లూ ఒకసారి ఊరి బయటికి పోయి చూడున్రి. గుట్టలు గ్రానైట్ పలకలై లారీలెక్కినయ్. పాత టోపోషీట్ మీద కాంటూర్ గీతలు దగ్గర దగ్గరగా ఉన్న చోట ఇప్పుడు గుంత ఉంటది. ఇక్కడ గుట్ట ఉండేదని రేపు ఆ షీటే చెప్పాలె.

జాగ్రఫీ మనకు కొత్త విద్య కూడా కాదు. మన గుట్టల్లో ఏ వాలున పడ్డ వాన కడెం వాగులో కలిసి గోదావరికి పోతదో, ఏ వాలుది పెద్దవాగు పట్టుకొని ప్రాణహితకు పోతదో మీ తాతకు తెలుసు. పుస్తకం దాన్నే జలవిభాజకం అంటది. తాతకు రానిదల్లా స్కేలు ఒక్కటే. 1:50,000 షీట్ మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

ఇగ ఉద్యోగం సంగతి. అబద్ధం చెప్పను. ఇంటర్ జాగ్రఫీ సర్టిఫికెట్ చూసి ఎవరూ కొలువియ్యరు. డిగ్రీలో పట్టుకొని, ఉస్మానియాలో పీజీ దాకా పోయి, జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ చేతికి తెచ్చుకుంటే దార్లు తెరుచుకుంటయ్. ఉపగ్రహ చిత్రాలు చూసే ఎన్‌ఆర్‌ఎస్‌సీ హైదరాబాద్‌లోనే ఉంది. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. సివిల్స్‌లో జాగ్రఫీ ఆప్షనల్, గ్రూప్స్‌లో జనరల్ స్టడీస్, బీఈడీ చేస్తే సోషల్ టీచర్ పోస్టు. ఒక మెలిక చెప్తా. 2025లో లైసెన్స్‌డ్ సర్వేయర్ల శిక్షణకు సర్కారు పిలిచినప్పుడు ఇంటర్ చదివినోళ్లను అడిగింది మ్యాథ్స్. అందుకే ఎంపీసీ తీసుకున్న తమ్మీ, నిన్ను తప్పువట్టను. నక్షా మాత్రం వదలకు.

మన సంఘాల పెద్దలకు కూడా ఒక మాట. గురుకులంలో సీట్లు పెంచమని దరఖాస్తు పెడుతున్నం, మంచిదే. ఏజెన్సీలో కనీసం ఒక్క జూనియర్ కాలేజీలో జాగ్రఫీ సెక్షన్ పెట్టి, లెక్చరర్‌ను ఇయ్యమని అడిగినమా? సోమవారం ప్రజావాణికి పోయేటప్పుడు ఆ కాగితం కూడా పట్టుకపోండ్రి. ఈలోపు సెలవుల్లో మీ ఊరు ఉన్న టోపోషీట్‌ను సర్వే ఆఫ్ ఇండియా సైట్ నుంచి దింపుకొని, జిరాక్స్ తీసి, పటేల్ ముందర పరిచి కూసోండ్రి. ఆయన చెప్పే వాగుల పేర్లు, గుట్టల పేర్లు గోండీలో, కొలామీలో పెన్సిల్‌తో దాని మీదనే రాయండ్రి. ఎన్ని పేర్లు ఆ షీట్ మీద లేవో అక్కడే తెలుస్తది.