బ్యాస్ ఫిషింగ్ గేర్: స్పెక్ షీట్ చూసి కొంటే గాలానికి చిక్కేది మీరే

10+1 బేరింగ్స్. 8.1:1 గేర్ రేషియో. కార్బన్ బాడీ. 15 పౌండ్ల మ్యాక్స్ డ్రాగ్.

ఏదో గేమింగ్ ఫోన్ లీక్ అనుకోకండి. చేపలు పట్టే రీల్ బాక్సుల మీద ఇలాంటి రాతలే ఉంటాయి. అమెరికాలో బ్యాస్ ఫిషింగ్ చాలా పెద్ద మార్కెట్. ఇయర్‌బడ్స్ రివ్యూల్లో మనం రాసే 'బేస్' కాదండోయ్, ఇది బ్యాస్ అనే మంచినీటి చేప. డల్లాస్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే మన కుర్రాళ్ళు కూడా వీకెండ్ వస్తే చెరువు గట్టున రాడ్ పట్టుకుని కనిపిస్తున్నారు. నేనూ ఆ బ్యాచే. ఫోన్ కొనే ముందు పది వీడియోలు చూసే అలవాటు మనది కాబట్టి, ఇక్కడ కూడా అదే బుర్రతో షాపింగ్ మొదలుపెడతాం.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న నంబర్లు కొత్తవాళ్ళకి పెద్దగా పనికిరావు. రాడ్ మీద, పిడికి కాస్త పైన, చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంటుంది. అసలు స్పెక్ అదే. అది చదవకుండా ఎంత ఖర్చు పెట్టినా డబ్బు దండగ. పైగా అందులో కొంత నష్టం చేపకి కూడా పోతుంది.

ఆ ఒక్క లైన్‌లో ఏముంది?

మామూలు మీడియం పవర్ రాడ్ మీద దాదాపు ఇలా ఉంటుంది: లూర్ 1/4 నుంచి 5/8 ఔన్స్, లైన్ 8 నుంచి 14 పౌండ్లు. లూర్ అంటే ఉత్తుత్తి ఎర. 1/4 ఔన్స్ అంటే 7 గ్రాములు, 5/8 అంటే దాదాపు 18 గ్రాములు.

రాడ్‌ని ఒక స్ప్రింగ్ అనుకోండి. చెయ్యి వెనక్కి తీసి ముందుకు విసిరినప్పుడు, లూర్ బరువుకి రాడ్ వంగి, తిరిగి నిటారుగా అయ్యేటప్పుడు ఆ శక్తితో లూర్‌ని విసురుతుంది. లూర్ మరీ తేలికైతే రాడ్ వంగదు, లూర్ నాలుగడుగుల అవతల పడుతుంది. మరీ బరువైతే రాడ్ విరిగే ప్రమాదం. అంటే ఇది ఛార్జర్, కేబుల్, ఫోన్ కలిసి పనిచేయడం లాంటిదే. 120 వాట్స్ ఛార్జర్ కొన్నా, ఫోన్ 18 వాట్సే తీసుకుంటే ఏం లాభం?

చేప సంగతి కూడా ఇక్కడే వస్తుంది. గట్టి రాడ్‌కి సన్నని లైన్ కట్టి, డ్రాగ్ బిగించేసి లాగితే లైన్ పుటుక్కున తెగుతుంది. లూర్ పోతే పది డాలర్లు పోయాయి అనుకుంటాం. ఆ చేప మాత్రం నోట్లో కొక్కెం పెట్టుకుని తిరుగుతుంది. గేర్ మ్యాచింగ్‌ని పర్ఫార్మెన్స్ ట్యూనింగ్ అనుకునే ముందు, కనీస బాధ్యత అనుకోవాలి.

బేరింగ్స్ అంటే 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా

బడ్జెట్ ఫోన్లలో 'క్వాడ్ కెమెరా' అని చెప్పి, అందులో రెండు 2 మెగాపిక్సెల్ సెన్సర్లు పడేసిన రోజులు గుర్తున్నాయి కదా? రీల్స్‌లో బేరింగ్స్ లెక్క కూడా అలాంటిదే. మంచి బేరింగ్స్ నాలుగైదున్న రీల్, నాసిరకం బేరింగ్స్ పదకొండున్న రీల్ కన్నా స్మూత్‌గా తిరుగుతుంది. బాక్స్ మీద సంఖ్య ఉంటుంది, క్వాలిటీ ఉండదు.

గేర్ రేషియోలో పెద్ద నంబర్ మెరుగు అనుకోవడం కూడా పొరపాటే. అది వేగం మాత్రమే. 8:1 అంటే హ్యాండిల్ ఒకసారి తిప్పితే లైన్ ఎనిమిది చుట్లు చుట్టుకుంటుంది. లైన్ వదులుని గబుక్కున లాగాల్సిన చోట అది బాగుంటుంది. లోతుకి దిగే క్రాంక్‌బెయిట్‌ని రోజంతా లాగాలంటే 5:1 హాయిగా ఉంటుంది. సైకిల్ గేర్లు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక మ్యాక్స్ డ్రాగ్. చేప గట్టిగా లాగినప్పుడు లైన్ తెగకుండా కొంచెం కొంచెం వదిలే బ్రేక్ ఇది. సాధారణంగా లైన్ బలంలో పావు వంతు నుంచి మూడో వంతు దగ్గర సెట్ చేసుకుంటారు. 10 పౌండ్ల లైన్ వాడితే డ్రాగ్ 3 పౌండ్ల దగ్గర ఉంటుంది. మరి 15 పౌండ్ల డ్రాగ్ ఎందుకు? స్పీడోమీటర్ మీద 220 ఉన్నట్టు, చూసుకోవడానికి. డ్రాగ్ ఎంత గట్టిగా పట్టుకుంటుందో కాదు, ఎంత స్మూత్‌గా వదులుతుందో చూడండి. షాప్‌లో చేత్తో లైన్ లాగితే పది సెకన్లలో తెలిసిపోతుంది.

గేర్‌లో నిజమైన టెక్నాలజీ లేదని నేను అనట్లేదు. షిమానో డీసీ రీల్స్‌లో చిన్న మైక్రో కంప్యూటర్ ఉంటుంది. స్పూల్ వేగాన్ని సెకనుకు వెయ్యి సార్లు చదివి బ్రేక్ వేస్తుందని కంపెనీ చెబుతుంది. బ్యాటరీ ఉండదు, స్పూల్ తిరిగే శక్తితోనే నడుస్తుంది. లైన్ బయటికి వెళ్ళే వేగం కన్నా స్పూల్ వేగంగా తిరిగితే లైన్ అంతా పిచ్చుక గూడులా చిక్కుపడుతుంది. ఆ సమస్యకి ఇది చక్కటి ఇంజినీరింగ్. కానీ కొత్తవాళ్ళకి స్పిన్నింగ్ రీల్ ఇస్తే ఆ సమస్య దాదాపు రాదు. సమస్యే లేనప్పుడు దాని సొల్యూషన్‌కి డబ్బెందుకు?

రంగులు ఎవరి కోసం?

షాప్‌లో లూర్ల గోడ చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఒకే ప్లాస్టిక్ పురుగు ముప్పై రంగుల్లో వేలాడుతుంటుంది. ఇల్లినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు లార్జ్‌మౌత్ బ్యాస్ కళ్ళని పరిశీలిస్తే, రంగుల్ని పట్టే కోన్ కణాలు రెండు రకాలే కనిపించాయి. ఒకటి ఆకుపచ్చకి, ఇంకొకటి ఎరుపుకి. మన కెమెరా భాషలో ఆర్‌జీబీలో బీ లేని సెన్సర్ అన్నమాట. ఎరుపుని, ఆకుపచ్చని అది బాగానే గుర్తుపట్టింది. ముదురు నీలాన్ని నలుపు నుంచి, మెరిసే నిమ్మపచ్చని తెలుపు నుంచి వేరు చేయడంలో మాత్రం తడబడింది. ఆ ముప్పైలో చాలా తేడాలు కొనేవాళ్ళ కళ్ళకే.

నా లెక్క సింపుల్. నీళ్ళు తేటగా ఉంటే సహజంగా కనిపించే ఆకుపచ్చ, గోధుమ రంగులు. బురదగా ఉంటే ముదురు రంగు, లేదా మెరిసే రంగు. రెండు ప్యాకెట్లు, అంతే. బురద నీళ్ళలో రంగు కన్నా కదలిక ముఖ్యం, ఎందుకంటే చేప ఒంటి పక్కనున్న పార్శ్వ రేఖతో నీటి కంపనాల్ని పసిగడుతుంది.

నాలుగు లూర్లు చాలు

పైన చెప్పిన మీడియం రాడ్, 2500 సైజు స్పిన్నింగ్ రీల్, 10 పౌండ్ల లైన్. దాంతో ఈ నాలుగు:

1. ఐదంగుళాల మెత్తటి స్టిక్ వర్మ్. కొక్కెం మొనని దాని ఒంట్లోకే దాచి కట్టే పద్ధతిని టెక్సాస్ రిగ్ అంటారు. నాచులో కూడా పెద్దగా చిక్కుకోదు. విసిరి, లైన్ వదులుగా ఉంచి, మునగనివ్వండి. మీరేమీ చేయకపోవడమే ఇక్కడ టెక్నిక్. లైన్ పక్కకి కదిలితే చేప పట్టినట్టే.

2. స్పిన్నర్‌బెయిట్. రేకులు తిరుగుతూ మెరుపు, కంపనం ఇస్తాయి. గాలి ఉన్నప్పుడు, నీళ్ళు మసకగా ఉన్నప్పుడు తీయండి.

3. చిన్న స్క్వేర్‌బిల్ క్రాంక్‌బెయిట్. లోతు తక్కువున్న చోట మునిగిన కొమ్మలకి, రాళ్ళకి తగిలేలా లాగాలి. తగిలి పక్కకి తుళ్ళిన క్షణంలోనే చాలాసార్లు చేప కొడుతుంది.

4. పాపర్. తెల్లారగట్ల, సాయంత్రం నీటి పైన వాడేది. ఒకసారి 'టప్' అనిపించి, అలలు సర్దుకునేదాకా ఆగండి.

నీళ్ళు చల్లగా ఉంటే అన్నీ నెమ్మదిగా. బ్యాస్ శీతల రక్త జీవి, చలిలో దాని ఒళ్ళు కూడా స్లో మోడ్‌లోకి వెళ్తుంది.

లిస్ట్‌లో కప్ప లూర్ లేదేంటని అడుగుతారేమో. దానికి దట్టమైన తామరాకుల మధ్య నుంచి చేపని లాగే గట్టి రాడ్, 50 పౌండ్ల దరిదాపుల్లో బ్రెయిడ్ లైన్ కావాలి. ఈ సెటప్‌తో కలవదు కాబట్టి వదిలేశాను. మన దగ్గర కొర్రమీను కోసం లూర్ వేసేవాళ్ళు వాడేది కూడా ఇలాంటి కప్పే. అక్కడా ఇదే రూల్: కప్ప కొనే ముందు రాడ్ మీద రాసింది చదవాలి.

మరి లైవ్ సోనార్?

మన టెక్ బుర్రకి అసలు ఎర ఇది. గార్మిన్ లైవ్‌స్కోప్ 2018లో వచ్చింది. పడవ ముందు నీళ్ళలో చేప ఎటు కదులుతోందో, మీ లూర్ దాని దగ్గరికి వెళ్తోందో లేదో స్క్రీన్ మీద లైవ్‌లో కనిపిస్తుంది. స్క్రీన్, సెన్సర్, బ్యాటరీ అన్నీ కలిపితే ఖర్చు వేల డాలర్లలోకి వెళ్తుంది. టెక్నాలజీగా అద్భుతం, కాదనను. ఎంత పవర్‌ఫుల్ అంటే, మేజర్ లీగ్ ఫిషింగ్ తన బ్యాస్ ప్రో టూర్‌లో 2025లో రోజుకి మూడు పీరియడ్లలో ఒక్కదానిలోనే దీన్ని వాడనిచ్చింది.

ప్రొఫెషనల్స్‌కి అది జీవనోపాధి. మనకి మాత్రం చేప ఎక్కడ ఉంటుందో ఊహించడమే ఆటలో సగం మజా. నీడ ఎటుంది, గాలి ఎటు వీస్తోంది, కొమ్మ ఎక్కడ మునిగింది అని చూడటం నేర్చుకోకుండానే స్క్రీన్ చూడటం మొదలుపెడితే, వారమంతా ఆఫీసులో చేసే పనే శనివారం కూడా చేసినట్టు.

ఒక రికార్డ్ గుర్తుపెట్టుకోండి. 1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ అనే కుర్రాడు 22 పౌండ్ల 4 ఔన్సుల లార్జ్‌మౌత్‌ని పట్టాడు. అంటే పది కిలోల పైనే. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప కొద్దిగా ఎక్కువే తూగినా, రూల్స్ ప్రకారం ఆ తేడా సరిపోక రికార్డ్ ఇద్దరి పేరునా ఉంది. గ్రాఫైట్ రాడ్లు, సోనార్లు రాకముందు పట్టిన చేప ఇప్పటికీ లిస్ట్ పైనే ఉందన్నమాట.

ఫైనల్ వర్డిక్ట్

రాడ్, రీల్ కాంబో వంద డాలర్ల లోపు దొరుకుతుంది. నాలుగు లూర్లు, కొక్కెం తీసే ప్లయర్స్ కలపండి. టెక్సాస్‌లో 17 ఏళ్ళు దాటితే లైసెన్స్ తీసుకోవాలి, స్టేట్ పార్క్ గట్టు మీద నుంచి పడితే అక్కర్లేదు. ఏ చెరువులో ఎంత సైజు చేప ఉంచుకోవచ్చో రూల్ మారుతుంటుంది. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బ్యాస్ దొరికితే తిరిగి వదిలేయాల్సిందే. వెళ్ళే ముందు ఒకసారి చెక్ చేసుకోండి.

మిగిలిన డబ్బు జేబులోనే ఉంచండి. ఈ సెటప్‌తో ఒక సీజన్ మొత్తం పట్టాక, 'నాకు ఫలానా చోట ఫలానా ఇబ్బంది వస్తోంది' అని మీరే చెప్పగలిగితే, అప్పుడు అప్‌గ్రేడ్ చేయండి. ఆ ఇబ్బంది ఏంటో చెప్పలేకపోతే, మీకు కావాల్సింది కొత్త రీల్ కాదు, గట్టు మీద ఇంకో శనివారం.