వీధుల్లో ఆడుకునే పిల్లలు

ఒక పట్టణం బాగుపడిందని దేనిని చూసి చెప్పాలి? రోడ్ల వెడల్పునా, మేడల ఎత్తునా? జెకర్యా ప్రవక్త కాలంలో యెరూషలేము ఇంకా కోలుకోలేదు. చెర నుండి తిరిగి వచ్చిన జనం కొద్దిమందే. దేవాలయపు పని సగంలో ఉంది, ప్రాకారం కూలి ఉంది. అటువంటి రోజుల్లో దేవుడు వారికి చూపిన దర్శనం విచిత్రమైనది. చేతికర్రలు పట్టుకున్న తాతలు, అవ్వలు బయట నిశ్చింతగా కూర్చుంటారు. వారి కళ్ల ముందే ఆడపిల్లలు, మగపిల్లలు ఆడుకుంటూ వీధులను నింపేస్తారు (జెకర్యా 8:4,5). ఈ దర్శనంలో సైన్యం లేదు, ఖజానా లేదు. ముసలివారి విశ్రాంతి, పిల్లల ఆట, ఈ రెండే దేవుడు తిరిగి ఆ పట్టణంలో నివసిస్తున్నాడనడానికి గుర్తులు.

ఈ వాక్యం చదివినప్పుడల్లా మాకు విశాఖపట్నంలోని సెంట్రల్ పార్కు గుర్తుకు వస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒకప్పుడు కేంద్ర కారాగారం ఉండేది. ఖైదీలను అడవివరం తరలించాక, ఆ స్థలంలో పట్టణాభివృద్ధి సంస్థ ఉద్యానవనం కట్టించి 2016లో ప్రజలకు తెరిచింది. సంకెళ్లు మోగిన చోట పిల్లల నవ్వులు వినిపించడం చిన్న సంగతి కాదు. విశాఖకు కైలాసగిరి ఉంది, సముద్రతీరం ఉంది, 2002 నుండి కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఉంది. కుటుంబాలకు ఇంకా వినోద కేంద్రాలు కట్టాలని నగరాలు ప్రణాళికలు వేసుకోవడం మంచిదే.

మరి మా చోడవరం సంగతేమిటి? 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా నుండి విడిపోయి అనకాపల్లి జిల్లాలో చేరాము. చుట్టూ చెరకు తోటలు, వరి పొలాలు. వారమంతా ఒళ్లు వంచి పనిచేసే జనం. ఇటువంటి ఊళ్లలో ఒక కుటుంబం సాయంత్రం పూట కలిసి కూర్చోవడానికి చోటేది? ఏడాదికోసారి తీర్థం వస్తుంది, వెళ్తుంది. మిగిలిన రోజుల్లో మగవారికి టీకొట్టు, కొందరికి మద్యం దుకాణం. ఆడవారికి టీవీ, పిల్లలకు సెల్‌ఫోన్. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు దిక్కులు. "అయ్యగారూ, మేము నలుగురం కలిసి వెళ్లేది రెండు చోట్లకే. ఒకటి గుడికి, రెండోది ఆసుపత్రికి" అని మా సంఘపు సోదరి ఒకామె అన్నప్పుడు మాకు జవాబు దొరకలేదు.

జవాబు దొరకకపోవడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం మందిరం ఆవరణలో క్రికెట్ ఆడే పిల్లల బంతి తగిలి కిటికీ అద్దం పగిలింది. ఆ సాయంత్రమే గేటుకు తాళం వేయించాము. దేవుని స్థలం ఆటస్థలం కాదని ఆదివారం ప్రసంగంలో గట్టిగానే చెప్పాము. అద్దం వారంలో బాగైంది. ఆ పిల్లల్లో కొందరు మాత్రం తిరిగి రాలేదు. వారిలో ఒకడు ఇరవై ఏళ్లు నిండకుండానే తాగుడుకు బానిసయ్యాడు. ఆ తాళమే దానికి కారణమని చెప్పలేము, కారణం కాదనీ చెప్పలేము. చిన్నబిడ్డలను ఆటంకపరచిన శిష్యుల మీద ప్రభువు కోపగించుకున్నాడని (మార్కు 10:14) ఎన్నోసార్లు బోధించిన మేము, ఆ శిష్యుల వరుసలోనే నిలబడ్డామని ఆలస్యంగా గ్రహించాము.

ఆట లోకసంబంధమైనదని కొందరు విశ్వాసులు అనుకుంటారు. కానీ 1891లో బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టిన జేమ్స్ నెయిస్మిత్ వేదాంతశాస్త్రం చదివినవాడు. ఆయన క్రైస్తవ యువజన సంఘమైన వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో పనిచేస్తూ రెండు పండ్ల బుట్టలు వేలాడదీసి ఆ ఆట మొదలుపెట్టాడు. 1895లో వాలీబాల్ పుట్టిందీ వై.ఎం.సి.ఎ.లోనే. మన దేశంలో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణకు 1920లో మద్రాసులో కళాశాల తెరిచిందీ ఆ సంస్థే. శరీరాన్ని ఇచ్చినవాడే ఆత్మనూ ఇచ్చాడని వారు నమ్మారు.

"తాగునీరు, రోడ్లు సరిగా లేనిచోట పార్కులు అవసరమా?" అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నీళ్లు ముందు రావలసిందే. కానీ విశ్రాంతి, అన్ని పనులూ తీరాక ఉన్నవారు కొనుక్కునే సరుకు కాదు. ధర్మశాస్త్రం ఏడవ దినపు విశ్రాంతిని యజమానికే కాదు, అతని దాసదాసీలకూ, పరదేశికీ, ఎద్దుకూ, గాడిదకూ ఇచ్చింది (ద్వితీయోపదేశ 5:14). డబ్బున్నవారు బిడ్డలను కారెక్కించి విశాఖ తీసుకువెళ్తారు. కూలీ బిడ్డకు ఉచితమైన ఆటస్థలం ఒక్కటే దిక్కు.

1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనుల్లో ఉద్యానాలు, ఆటస్థలాలను పేరుపెట్టి చేర్చింది. అదే ఏడాది అమలైన 73వ సవరణ పంచాయతీలకు చూపిన 29 అంశాల్లో ఆటస్థలం అన్న మాట కనిపించదు. పల్లె బిడ్డకు ఆట అక్కరలేదా? చట్టంలో మాట లేనంత మాత్రాన చేయకూడదని కాదు. గ్రామసభలో అడిగేవారు కావాలి.

అందుకే మా మనవి. పట్టణమైనా, పెద్ద పంచాయతీ అయినా, కుటుంబ వినోద కేంద్రం కట్టేటప్పుడు గేటు దగ్గర టికెట్ ధర కంటే ముందు లోపల బెంచీల సంగతి ఆలోచించండి. ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి, చీకటి పడితే దీపాలు, చక్రాల కుర్చీ వెళ్లే దారి, ముసలివారికి నీడ ఉండాలి. మద్యం దరిచేరకూడదు. కులం, మతం అడగకూడదు. కట్టిన నాటి పూలదండల కంటే, మూడేళ్ల తర్వాత ఉయ్యాల గొలుసు తెగకుండా చూసే మనిషి ముఖ్యం.

అది వచ్చేదాకా సంఘాలు ఊరకే కూర్చోనక్కరలేదు. మన మందిరాల చుట్టూ ఎంతో కొంత ఖాళీ స్థలం ఉంది. వారంలో ఆరు రోజులు దానికి తాళమే. మా గేటు తాళం మేము తీసేశాము. సాయంత్రం నాలుగు నుండి ఆరున్నర వరకు ఏ ఇంటి పిల్లలైనా రావచ్చు. సంఘపెద్దలిద్దరు వంతులవారీగా కనిపెట్టుకుని ఉంటారు. కిటికీలకు ఇనుప వల కొట్టించాము. మొన్న ఒక తాతగారు మనవడిని తీసుకువచ్చి, చేతికర్ర పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. ఆయన మన సంఘస్థుడు కారు. ఆయన్ను చూస్తే మాకు జెకర్యా చెప్పిన వీధి మా ఊరికి వచ్చినట్టే అనిపించింది.

మీ మందిరపు గేటు తాళం ఎవరి దగ్గర ఉందో ఈ ఆదివారం ఒకసారి అడిగి చూడండి.