అల్బేనియా ట్రిప్‌కి పది మాటలు, తెలుగు కీబోర్డ్‌తో

అల్బేనియాలో ఎవరైనా మిమ్మల్ని 'పో' అంటే ఫీల్ అవ్వకండి. అక్కడ దానర్థం 'అవును'. కాదనాలంటే 'యో'.

తిరానాకి టికెట్ బుక్ చేసి డ్యుయోలింగో తెరిస్తే లాభం లేదు, అందులో అల్బేనియన్ కోర్సే లేదు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఉంది, ఆఫ్‌లైన్ ప్యాక్ కూడా దిగుతుంది. మెనూలు, బోర్డులు చదవడానికి కెమెరా మోడ్ చాలు. కానీ కాఫీ ఇచ్చిన మనిషికి థాంక్స్ చెప్పడానికి కూడా ఫోన్ చూపించడం ఏంటండీ? పది మాటలైనా నోటికి రావాలి. బాలానగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేట్‌లో మారి, హైటెక్ సిటీలో దిగేలోపు అయిపోయే పని.

అయితే వాటిని నోట్స్ యాప్‌లో తెలుగులోనే టైప్ చేసుకోండి. ఇంగ్లిష్ అక్షరాలు చూస్తే నాలుక ఇంగ్లిష్ దారే పడుతుంది. థాంక్స్ అంటే 'ఫలెమిందెరిత్'. ట, డ కాదు, మన త, ద. ధర ఎంత అంటే 'సా కుష్తోన్?'. వాళ్ళ 'సి', 'ఎక్స్' అక్షరాల ధ్వనులైతే అచ్చం మన ౘ, ౙ. 2008లో యూనికోడ్ 5.1లో చేరిన అక్షరాలివి, కీబోర్డ్‌లో దొరక్కపోతే కాపీ పేస్ట్ చేసుకోండి. బడి దాటాక 'ఞ' ఎప్పుడైనా వాడామా? అల్బేనియన్‌లో 'ఒకటి' దాదాపు అదే!

తెలుగుకి లొంగనిది ఒకటుంది: రెండు చుక్కల 'ఈ'. తిరానా ఎయిర్‌పోర్ట్‌కి మదర్ థెరిసా పేరే పెట్టారు. బోర్డు మీద 'అమ్మ' అనే మాటని మనం 'నేనే' అని చదివేస్తాం. దానికి మాత్రం ఆడియో వినాల్సిందే.