షుగర్ వంశంలో ఉందా, వంటింట్లో ఉందా?

మొన్న మా పెద్దాడపడుచుగారి అమ్మాయి సీమంతానికి వెళ్ళాం. భోజనాల దగ్గర ఆవిడ మూడో బొబ్బట్టు వేయించుకుంటుంటే ఉండబట్టలేక, "వదినా, మీకు షుగర్ కదండీ!" అన్నాను మెల్లిగా.

"మా నాన్నకుంది, మేనత్తకుంది, తాతగారికీ ఉండేదిట. వంశంలో ఉన్నదాన్ని ఎవరాపుతారే? తిన్నా ఒకటే, తినకపోయినా ఒకటే" అని నవ్వేశారావిడ. పక్కనే కూచున్న మా తోటికోడలు, "మా పుట్టింట్లో ఎవరికీ లేదు బాబూ, నాకేం భయంలేదు" అని తనూ ఇంకోటి వేయించుకుంది.

చూశారా! ఒకావిడ వంశంలో ఉందని తింటోంది, ఇంకొకావిడ వంశంలో లేదని తింటోంది.

నవ్వుతున్నాను గానీ, నేనూ ఆ మొదటి జట్టులో మనిషినే. మా అమ్మకి 48వ ఏట షుగర్ బయటపడింది. 62వ ఏట కుడికాలి బొటనవేలు తీసేశారు. ఆ కట్టు విప్పి మళ్ళీ కట్టిన చేతులు నావి. అది చూశాక వెంటనే వెళ్ళి రక్తం చూపించుకోవాలి కదా? పదేళ్ళపాటు లాబ్ గుమ్మం తొక్కలేదు. "ఎలాగూ వస్తుంది, ముందే తెలుసుకుని ఏడవడం ఎందుకు" అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది.

అసలు ఈ "వంశపారంపర్యం" అన్న మాటే మనల్ని మోసం చేస్తుంది. తలసీమియా లాంటి జబ్బులున్నాయి. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ లోపమున్న జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ తల్లి ఏం తిన్నా, ఎంత నడిచినా ఆ లెక్క మారదు. మనం మామూలుగా చూసే పెద్దవాళ్ళ షుగర్, అదే టైప్ 2, అలాంటిది కాదు. దీనికి ఒక్క జన్యువంటూ లేదు. 2006లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు టి.సి.ఎఫ్.7ఎల్2 అనే జన్యువుకి దీనితో సంబంధం ఉందని కనిపెట్టారు. తర్వాత ఇలాంటివి వందలకొద్దీ బయటపడ్డాయి. ఒక్కొక్కటీ మనల్ని కొంచెం కొంచెం అటువైపు నెట్టేవే తప్ప, ఏ ఒక్కటీ చెయ్యిపట్టుకుని లాక్కెళ్ళేది కాదు. (చిన్నపిల్లలకి వచ్చి మొదటినుంచీ ఇన్సులిన్ తప్పని టైప్ 1 కథ వేరు. ఆ తల్లులు ఇది చదివి తమని తాము తిట్టుకోవద్దు.)

తల్లిదండ్రుల్లో ఒకరికుంటే పిల్లలకి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే అవకాశం నూటికి 40 దాకా, ఇద్దరికీ ఉంటే 70 దాకా అని డాక్టర్లు లెక్క చెబుతారు. భయం వేస్తుంది నిజమే. కానీ ఆ లెక్కలో ఉన్నదంతా రక్తమేనా? అమ్మ దగ్గర్నుంచి మనకి జన్యువులొక్కటే వచ్చాయా చెప్పండి? కంచం నిండా అన్నం పెట్టుకోడం, నెయ్యి పడందే ముద్ద దిగకపోడం, మధ్యాన్నం కునుకు, చుట్టాలొస్తే స్వీటు లేకపోతే మర్యాద కాదనుకోడం... ఇవన్నీ వచ్చాయి కదా! రక్తసంబంధం లేని భార్యాభర్తల్లో కూడా ఒకరికి షుగరుంటే రెండోవారికి వచ్చే అవకాశం కాస్త ఎక్కువని అధ్యయనాల్లో తేలింది. మూడుముళ్ళతో జన్యువులు అంటుకోవు. అంటుకునేది ఆ ఇంటి పొయ్యి.

దీనికి పెద్ద రుజువు ఎక్కడో దూరంగా ఉంది. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలో పీమా అనే ఆదివాసులున్నారు. వీళ్ళ దాయాదులే కొందరు మెక్సికో కొండల్లో మైకోబా అనే ఊరి చుట్టుపక్కల ఉంటారు. ఆరిజోనావాళ్ళు ఒకప్పుడు గీలా నది నీళ్ళతో సేద్యం చేసుకుని బతికినవాళ్ళే. 19వ శతాబ్దం చివర్లో ఎగువన వలసొచ్చినవాళ్ళు ఆ నీళ్ళు మళ్ళించుకున్నారు. పొలాలు ఎండిపోయాయి. తర్వాత గవర్నమెంటు ఇచ్చిన పిండీ, పందికొవ్వూ, పంచదారే తిండి అయింది. మెక్సికోలోని దాయాదులు మాత్రం కొండపొలాల్లో చాకిరీ చేస్తూ, మొక్కజొన్నా చిక్కుళ్ళూ తింటూ ఉండిపోయారు. 2006లో అచ్చయిన అధ్యయనంలో ఇద్దరినీ పోల్చారు. ఆరిజోనా పీమాల్లో నూటికి 38 మందికి షుగరు, మెక్సికోవాళ్ళలో 7 మందికి. ఒకే మూలపు రక్తం, ఇంత తేడా! అందులో ఆరిజోనావాళ్ళ తిండిపోతుతనం ఎంత, వాళ్ళ నీళ్ళు లాక్కున్నవాళ్ళ పాపం ఎంత అనేది నాకు తెగని ప్రశ్న.

సరే, మన ఇంటికి వద్దాం. "నేను సన్నగానే ఉన్నానుగా" అంటారు కొందరు. మనవాళ్ళ విషయంలో ఈ ధీమా పనికిరాదు. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌లో డాక్టర్ యుడ్కిన్ అని ఇద్దరు మిత్రులు. ఎత్తుకి తగ్గ బరువు చూసే లెక్కలో ఇద్దరికీ ఒకటే అంకె, 22.3. ఒంట్లో కొవ్వెంతో చూస్తే యుడ్కిన్‌గారికి 9 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21 శాతం! 2004లో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫోటోతో సహా లాన్సెట్ వైద్యపత్రికలో వేసుకున్నారు. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి, కొవ్వంతా పొట్టలో దాక్కోడం మనవాళ్ళ తీరు. అంచేత బరువు మిషను కన్నా మీ కుట్టుమిషను సొరుగులో ఉన్న టేపే నిజం చెబుతుంది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి బిగపట్టకుండా (బిగపడతామని నాకు తెలుసు!) కొలవండి. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటకూడదు. మగవాళ్ళకి 90.

మరి మార్చుకుంటే నిజంగా ఆగుతుందా? చెన్నైలో డాక్టర్ రామచంద్రన్‌గారి బృందం షుగర్ అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు కనిపెట్టి చూసింది. 2006లో ఫలితాలు చెప్పారు. మామూలు సలహాతో వదిలేసిన జట్టులో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. రోజూ అరగంట చురుగ్గా నడిచి, తిండి సర్దుకున్నవాళ్ళలో 39 శాతం. ఈ రెండో అంకెని కాస్త ఆగి చూడండి. అంత కష్టపడినా నూటికి 39 మందికి వచ్చింది. కాబట్టి షుగర్ వచ్చినావిణ్ణి పట్టుకుని "నువ్వు తిన్నావు గనకే వచ్చింది" అనే నోళ్ళు దయచేసి మూసుకోవాలి. అలాగే, రావలసినవాళ్ళలో పదహారు మందికి రాకుండా పోయింది. ఆ పదహారులో మీరుండచ్చు.

ఇంతకీ ఆ అరగంట ఎక్కడిది? మావారు ఉదయం షూ వేసుకుని పార్కుకి వెళ్ళొచ్చేసరికి నేను రెండు కారియర్లు సర్ది, పాలు కాచి, పనిమనిషి రాలేదని అంట్లు కూడా తోముతుంటాను. "ఇంటిపనే వ్యాయామం" అని ఆయన తీర్పు. పొయ్యిముందు రెండు గంటలు నించోడం నడక కాదండీ! నేను ఆఖరికి రాత్రి తొమ్మిదింటికి, భోజనాలవగానే, అంట్లు సింకులో వదిలేసి వీధి చివరి వినాయకుడి గుడిదాకా నాలుగుసార్లు తిరగడం మొదలెట్టాను. మొదటి వారం మా అత్తగారు మూతి ముడిచారు. ఇప్పుడు ఆవిడే తలుపు తీసి పెడుతున్నారు.

ఇంకో అలవాటు మానడానికి నాకు నెలలు పట్టింది. మిగిలిన గిన్నె ఊడ్చి తినడం. అందరికీ వడ్డించి, మిగిలిన గుప్పెడన్నం పారెయ్యలేక మన కంచంలోనే వేసుకుంటాం. ఇప్పుడు సోలెడు బియ్యంలో గుప్పెడు తగ్గించి, ఆ లోటు కూరతోనూ పప్పుతోనూ నింపుతున్నాను. కొర్రలూ జొన్నలూ మంచివే గానీ, అవీ పిండిపదార్థాలే. జొన్నరొట్టె కదాని నాలుగు లాగిస్తే లాభంలేదు.

పరీక్షకి వెళ్ళినప్పుడు పరగడుపున 100 లోపుంటే సరే. 100 నుంచి 125 దాకా అంచున ఉన్నట్టు, 126 దాటితే షుగరని అనుమానించి ఇంకోసారి చూస్తారు. మూడునెలల సగటు చెప్పే హెచ్‌బిఏ1సి కూడా ఉంది గానీ, ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్నవాళ్ళకి అది అసలుకన్నా ఎక్కువ చూపించచ్చు. మనలో రక్తహీనత లేనివాళ్ళెందరు? డాక్టరుకి ఆ మాట ముందే చెప్పండి. నాకు మొదటిసారి 114 వచ్చింది. ఎనిమిది నెలల గుడి ప్రదక్షిణాల తర్వాత 103.

సీమంతంనాటి అమ్మాయి సంగతి చెప్పనేలేదు. ఏడోనెలలో గ్లూకోజు తాగించి రెండు గంటలకి చూస్తే 158 వచ్చిందిట. 140 దాటకూడదు. కాన్పయ్యాక అది మామూలుగా తగ్గిపోతుంది. పోయింది కదాని అందరూ మర్చిపోతారు కూడా. ఇలాంటివాళ్ళకి తర్వాత షుగర్ వచ్చే ముప్పు మిగతావాళ్ళకన్నా ఎన్నో రెట్లెక్కువ. కాన్పైన ఆరువారాలకి ఒకసారి, ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో చూపించుకుంటూనే ఉండాలి. ఈ మాట ఫోన్లో చెబితే మా వదినగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పథ్యం వంట నేనే చేసి పెడతాను. నాకూ అదే వండుకుంటాలే" అన్నారు.