టన్నుకు ముప్పావు గ్రాము

కోలారు బంగారు గనుల ఊళ్లో పదమూడు గుట్టలున్నాయి. అవి కొండలు కావు. వందేళ్లకు పైగా పాతాళం నుంచి తోడిన రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్లలో నానబెట్టి, బంగారం లాగేసుకున్నాక పారబోసిన పొడి. ఆ ఊరివాళ్లు వాటిని సైనైడ్ గుట్టలంటారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. గుట్టలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. గాలి లేచిన రోజున ఆ పొడి ఇళ్ల కప్పుల మీద, నీళ్ల బిందెల మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. ఇప్పుడు ప్రభుత్వాల చూపు మళ్లీ వాటి మీద పడింది. సుమారు 3.3 కోట్ల టన్నుల పొడిలో ఇంకా 23 టన్నుల బంగారం ఉందని అంచనా. అంటే టన్నుకు ముప్పావు గ్రాము కూడా లేదు. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఈ గుట్టలను మళ్లీ తవ్వడానికి సమ్మతించింది.

టన్ను మట్టిలో ముప్పావు గ్రాము ఉందో లేదో చెప్పడం మామూలు విద్య కాదు. గుట్టలో పలుచోట్ల తీసిన పొడిని కుప్పపోసి కలుపుతారు. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుంటారు, మళ్లీ కలుపుతారు, అలా చివరికి పిడికెడు మిగిలేదాకా. దాన్ని తూచి, మురదాసింగి, వెలిగారం, సోడా, చిటికెడు గోధుమపిండి కలిపి మట్టి మూసలో పోసి కొలిమిలో పెడతారు. కరిగిన సీసం బంగారాన్నీ వెండినీ తనలోకి లాక్కుని అడుక్కి దిగుతుంది. ఆ సీసపు గుండును ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి మళ్లీ కాలిస్తే సీసాన్ని గిన్నె పీల్చేసుకుంటుంది. మిగిలిన మెరుపు ఆవగింజంత కూడా ఉండదు. నత్రికామ్లంలో వేసి అందులోని వెండిని కరగదీసి, నిలిచిన బంగారు రవ్వను ఊపిరి తగిలినా కదిలే త్రాసులో తూస్తారు. రవ్వంత తేడా వచ్చినా లెక్క మొదటి నుంచి చేయాల్సిందే.

ఈ నిక్కచ్చితనాన్ని మేం మనసారా గౌరవిస్తాం. మా అభియోగమల్లా ఒక్కటే. ఇరవయ్యో శతాబ్దపు గనుల పరిశోధన రాయి విషయంలో చూపిన ఈ శ్రద్ధను, ఆ రాయిని పగలగొట్టిన మనిషి ఊపిరి విషయంలో చూపలేదు. చూపినచోట కూడా, తేలిన నిజాన్ని ఖర్చు పెట్టేవాడి చేతికిచ్చి ఊరుకుంది.

రాయి కోసం ఏం చేసిందో చూడండి. 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు సైనైడ్ పద్ధతి కనిపెట్టారు. అంతవరకు ఎవరికీ అక్కరలేని నాసిరకం ఖనిజానికి అది ధర తెచ్చింది. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో వేరుచేయలేక కుప్పలు పోసిన జింకును, ఆ తర్వాత ఇరవయ్యేళ్లకే నూనె, గాలిబుడగల సాయంతో నురగగా పైకి తేల్చి వడగట్టారు. కోలారు గనుల కోసం 1902లో శివనసముద్రం జలపాతం నుంచి కరెంటు తీగలు లాగారు. ఛాంపియన్ రీఫ్ గనిని మూడు కిలోమీటర్ల లోతు దాటించారు. ఆ లోతులో రాయి ఎప్పుడు పేలుతుందో పసిగట్టడానికి భూకంప మాపకాలు పెట్టారు. 1965లో అదే గనిలో మన టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. దేన్నీ తాకకుండా భూమినే దాటిపోయే కణాన్ని కోలారులో పట్టుకున్నాం. దేశం గర్వపడాల్సిన విషయమే.

అదే కోలారులో 1940లలో 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే 43.7 శాతం మందికి సిలికోసిస్ ఉందని తేలింది.

బంగారం దొరికేది పలుగురాయిలో. ఆ రాయిలో తూటు పొడిచినప్పుడు, పేల్చినప్పుడు, దంచినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనబడే రేణువులతో పెద్ద ప్రమాదం లేదు, ముక్కూ గొంతూ వాటిని ఆపేస్తాయి. అయిదు మైక్రాన్ల కంటే చిన్నవి మాత్రం ఊపిరితిత్తుల చివరి గదులదాకా వెళ్తాయి. వాటిని మింగబోయిన రక్షకకణాలు చచ్చిపోతాయి. చచ్చినచోట గాయం మచ్చ కడుతుంది. మచ్చ మీద మచ్చ పడి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. పని మానేసినా అది ఆగదు. దీన్ని వెనక్కి తిప్పే మందు ఈ రోజుకీ లేదు. పైగా క్షయ రావడానికి దారి తెరుచుకుంటుంది.

ఇదంతా అప్పటికి తెలియదా అంటే, తెలుసు. తూటు పొడిచే మరలో నుంచే నీళ్లు పంపి దుమ్మును అక్కడికక్కడే అణచే పద్ధతి పందొమ్మిదో శతాబ్దం ముగియకముందే వచ్చింది. దక్షిణాఫ్రికాలో 1902లోనే విచారణ సంఘం వేశారు. 1916 నాటికి గాలిలోని రేణువులను లెక్కించే కోనిమీటర్ అక్కడే తయారైంది. 1930లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జొహన్నెస్‌బర్గ్‌లో సభ పెట్టి, ఎక్స్‌రేలో సిలికోసిస్‌ను ఎలా గుర్తించాలో, ఏ దశను ఏమనాలో తీర్మానించింది. పరికరం ఉంది, ప్రమాణం ఉంది, వైద్యులున్నారు. తెల్ల కార్మికులకు పింఛను కూడా వచ్చింది. నల్ల కార్మికులకు కొంత సొమ్ము చేతిలో పెట్టి, దగ్గుతో సహా ఇంటికి పంపించారు. వాళ్ల గొడవ కోర్టుల్లో తేలి, గని కంపెనీలు 500 కోట్ల ర్యాండ్ల పరిహారానికి ఒప్పుకునేసరికి 2018 వచ్చింది. అప్పటికి ఎందరు బతికున్నారు?

బ్రిటన్‌లోనూ అంతే. గనుల్లో విషవాయువులను తన ఒంటి మీదే పరీక్షించుకున్న గొప్ప శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. ఆయనే బొగ్గు దుమ్ముతో హాని లేదని వాదిస్తూ వచ్చాడు. వేల్స్ బొగ్గు కార్మికుల రోగాన్ని చట్టం ఒప్పుకున్నది 1943లో.

ఇవన్నీ ఒక ఎత్తు, కెనడాలో జరిగింది ఒక ఎత్తు. ఒంటారియో రాష్ట్రంలో టిమ్మిన్స్ దగ్గర మెకింటైర్ బంగారు గని ఉండేది. సిలికోసిస్ పరిహారం భారమైంది. దుమ్ము తగ్గించాలంటే నీళ్లు, గాలి, యంత్రాలు, అన్నిటికీ డబ్బు. ఆ గని మెటలర్జిస్టు జేమ్స్ డెన్నీ వేరే దారి వెతికాడు. అల్యూమినియం పొడి పలుగురాతి రేణువులకు పూతలా అంటుకుని వాటి విషం విరిచేస్తుందని ఆయన ఊహ. కుందేళ్ల మీద చూశారు. వైద్య పత్రికలో వ్యాసాలు రాశారు. 1943 నుంచి మనుషుల మీద మొదలుపెట్టారు.

గనిలోకి దిగే ముందు కార్మికులు బట్టలు మార్చుకునే గది. తలుపులు మూస్తారు, కిటికీలు బిగిస్తారు. డబ్బాలోని పొడిని ఒత్తిడి గాలితో గదిలోకి ఊదుతారు. ఎదుటి మనిషి కనబడనంత నల్లటి మబ్బు కమ్ముతుంది. పది నిమిషాల పాటు గట్టిగా ఊపిరి పీల్చమంటారు. ఆ తర్వాతే పనిలోకి. రోజూ ఇంతే, ఏళ్ల తరబడి. వద్దన్నవాడికి పని ఉండదని వాళ్లకు తెలుసు. దుమ్ము వల్ల వచ్చిన రోగానికి ఇంకో దుమ్ము మందు! 1979 దాకా వేలాది మంది పీల్చారు. అమెరికా, మెక్సికో, పశ్చిమ ఆస్ట్రేలియా గనులకూ ఈ పొడి వెళ్లింది. అది సిలికోసిస్‌ను ఆపిందని రుజువు కాలేదు. పీల్చినవాళ్లలో పార్కిన్సన్స్ జబ్బు ఎక్కువని 2020లో తేలింది. ఆ పరిశోధన దానంతట అది మొదలవలేదు. గనిలో పనిచేసి వణుకుడు జబ్బు పాలైన ఒక తండ్రి కోసం ఆయన కూతురు పాత కార్మికుల పేర్లు ఒక్కొక్కటే సేకరించి పట్టుబడితే మొదలైంది. 2022లో ఒంటారియో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

డెన్నీని దుర్మార్గుడనడం మా ఉద్దేశం కాదు. ఖనిజాన్ని శుద్ధి చేయడానికి అలవాటుపడిన బుర్ర, మనిషి ఊపిరితిత్తిని కూడా శుద్ధి చేయదగిన ముడిసరుకుగానే చూసింది. దుమ్ము ఎందుకు లేవాలి అన్న ప్రశ్నకు జవాబు ఖరీదైనది. దుమ్ములో ఉంటూనే బతకడం ఎలా అన్నది చవక ప్రశ్న. జీతమిచ్చినవాడు ఏది అడిగితే పరిశోధన దానికే జవాబు వెతికింది.

ఇది పరాయి దేశపు పాత కథ అనుకోవడానికి వీల్లేదు. కోలారు బంగారు రాతి పట్టీ చిత్తూరు వైపు చిగురుగుంట, బిసానత్తం దాకా పాకింది. ఆ గనులు కూడా 2001లోనే కోలారుతో పాటు మూతపడ్డాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరిదీ అదే కథ. ఇప్పుడు పలుగురాయికి మళ్లీ గిరాకీ. దాన్ని దంచి పొడి చేసే క్రషర్ల దగ్గర చాలాచోట్ల పనివాళ్లకు రక్షణ అంటే మూతికి చుట్టుకున్న తువ్వాలే. అయిదు మైక్రాన్ల రేణువును తువ్వాలు ఏం ఆపుతుంది? ఆయాసం వచ్చి ఆస్పత్రికి వెళ్తే క్షయ అని రాసి మందులిస్తారు. తగ్గకపోతే మళ్లీ అవే మందులు. ఎక్కడ పనిచేశావు, ఎన్నేళ్లు చేశావు అన్న రెండు ప్రశ్నలు చీటీలో ఉండవు. గనిలో సిలికోసిస్ బయటపడితే యాజమాన్యం అధికారులకు తెలియజేయాలని చట్టం చెబుతోంది. కానీ రోగం ముదిరేసరికి కార్మికుడు ఎప్పుడో పని మానేసి ఉంటాడు. మేస్త్రీ మారిపోయి ఉంటాడు. హాజరు పుస్తకమే ఉండదు.

కీలక ఖనిజాల మిషన్‌కు కేంద్రం 2025 జనవరిలో 16,300 కోట్లు కేటాయించింది. పాత గుట్టలను మళ్లీ శుద్ధి చేయడం కూడా అందులో ఉంది. పరిశోధనకు డబ్బు రావడం మంచిదే, రావాలి కూడా. ఆ డబ్బులో దుమ్ము కొలవడానికీ అణచడానికీ ఎంత పెడతారో అంకెతో సహా చెప్పాలి. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ బాధితుల కోసం ప్రత్యేక విధానం తెచ్చింది. గుర్తింపు, పరిహారం, పింఛను అందులో ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ అలాంటిది ఎందుకు తేకూడదు? గనుల ప్రాంతాల ప్రజల కోసమే 2015లో జిల్లా ఖనిజ నిధులు పెట్టారు. ఎక్స్‌రే యంత్రానికీ, ఆ ఎక్స్‌రేలు చదవగల వైద్యుడికీ ఆ నిధి కన్నా తగిన చోటు ఏముంది?

కోలారు గుట్టల టెండరు కాగితాల్లో టన్నుకు ఎంత బంగారమో దశాంశాలతో రాస్తారు. పక్కనే ఇంకో గడి గీయాలి. ఘనమీటరు గాలిలో ఎంత సిలికా ఉందో, తవ్వడం మొదలుపెట్టక ముందొకసారి, తవ్వుతున్నన్నాళ్లూ రోజుకొకసారి అందులో రాయాలి. ఆ కాగితం గుట్ట కింది వీధిలో, బిందెల మీద గుడ్డ కప్పుకునే ఇళ్ల ముందు, అందరూ చదివేలా అంటించాలి.