నాకు బస్సు పడదండీ!

మా ఇంట్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆవిడకి ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల. కిందటేడు ఏడో తరగతి. ఆదివారం వచ్చిందంటే తల్లి వెనకాలే మా ఇంటికి వచ్చేస్తుంది. రావడం రావడమే పేపరు మీద పడుతుంది. ఆదివారం పుస్తకాన్ని మా ఇంట్లో అందరికన్నా ముందు చదివేది ఆ పిల్లే. పదవినోదం గళ్లు కూడా సగం తనే నింపేస్తుంది. మిగిలిన సగంతో నేను సరిపెట్టుకోవాలి!

దసరా సెలవులకు ముందు ఓ ఆదివారం వాళ్ల తమ్ముడు కూడా వచ్చాడు. ఊరుకోకుండా ‘అక్కోళ్లని బళ్లో అరకు తీసికెల్తన్నారండి’ అన్నాడు. బొర్రా గుహలు, అరకులోయ చూపించి రాత్రికి దించేస్తారట. మనిషికి ఆరు వందలట.

‘పేరిచ్చావా?’ అన్నాను.

‘లేదండి. నాకు బస్సు పడదండీ. ఎక్కితే వాంతులైపోతాయి’ అంది పేపర్లోంచి తలెత్తకుండా.

నేనూ నమ్మేశాను. నమ్మడమే కాదు, ‘నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంటే ఏమీ కాదే పిచ్చిమొహమా’ అని వైద్యం కూడా చెప్పాను. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది.

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. వీళ్లంతా బస్సెక్కి వెళ్లారు. మర్నాడు ఆవిడ ప్రసాదం తెచ్చిచ్చి కబుర్లు మొదలెట్టింది. ‘జనం మీద జనవండి అమ్మగారూ. బస్సులో నిలబడ్డానికే సోటు నేదు. ఇదైతే కిటికీ కాడ కూకుని దారంతా దిక్కులు సూత్తానే ఉంది’.

‘వాంతులు కాలేదా?’ అన్నాను.

‘దానికెందుకవుతాయండీ? పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అవనేదు’.

అప్పుడు అరకు సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. ‘నాకు సెప్పనేదండి’ అంది. కాసేపటికి తనే మళ్లీ అంది. ‘ఆరొందలు కదండీ. అడిగితే నానెక్కడో అప్పు సేసైనా తెత్తానని దానికి తెల్సు. అందుకే సెప్పనేదు’.

పిల్లలు అబద్ధాలాడటం మనకు కొత్త కాదు. కానీ ఏదో ఒకటి దక్కించుకోవడానికి ఆడతారు. దెబ్బ తప్పించుకోవడానికో, చాక్లెట్టు కోసమో. ఈ పిల్ల తనకు దక్కాల్సింది వదులుకోవడానికి అబద్ధమాడింది. పన్నెండేళ్లకే తల్లికి తల్లయిపోయింది. ‘ఎంత బుద్ధిమంతురాలో!’ అని మెచ్చుకోబోయి ఆగిపోయాను. ఆ వయసులో అంత బుద్ధి రావడం సంతోషించాల్సిన విషయమేనా?

ఇది మన దేశానికో, మన ఊరికో పరిమితమైన సంగతి కాదు. బ్రిటన్‌లో టెస్ రిడ్జ్ అనే పరిశోధకురాలు ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాల పిల్లలతో కూర్చుని మాట్లాడి, 2002లో ఓ పుస్తకం రాశారు. ఆ పిల్లలు తిండి లేక మాడిపోతున్నవాళ్లేం కాదు. అయినా ఇంట్లో అమ్మానాన్నల ఇబ్బంది చూసి అడగడం మానేసినవాళ్లు. స్కూలు యాత్రలంటే ఇంట్లో ఊసైనా ఎత్తకుండా తమంతట తామే తప్పుకున్నవాళ్లు. ఎక్కడి బ్రిటన్, ఎక్కడి మా విశాఖపట్నం! పేదరికం నేర్పే పాఠం మాత్రం రెండుచోట్లా ఒక్కటే... ‘నాకొద్దు’ అనడం.

మన విశాఖ పేద ఊరా అంటే కాదు. 1933లో రేవు వచ్చింది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం, ఆ తర్వాత ఉక్కు. ఉద్యమించి, ప్రాణాలిచ్చి సాధించుకున్న ఆ కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. రాష్ట్రంలో సంపన్న నగరమేదంటే అందరి వేలూ ఇటే చూపిస్తుంది. మరి 2011 జనాభా లెక్కలు ఏం చెప్పాయో చూడండి. పది లక్షల జనాభా దాటిన నగరాల్లో, మురికివాడల్లో ఉంటున్న కుటుంబాలు నూటికి ఎన్ని అని లెక్క తీస్తే దేశంలో మొదటి పేరు మనదే. నూటికి 44! మురికివాడలంటే మనకు గుర్తొచ్చే ముంబయి కూడా 41తో మన తర్వాతే ఉంది. రేవులో మూటలు మోసినవాళ్లూ, మేడలకు ఇటుకలందించినవాళ్లూ, మన గిన్నెలు తోమేవాళ్లూ ఈ కొండవాలుల్లోనే ఉంటున్నారు.

అందరూ ఒక్కలాగే ఉన్న పల్లెలో చెప్పుల్లేని పిల్లాడికి తనకు చెప్పుల్లేవని గుర్తుండదు. అదే పిల్లాడు సాయంత్రం బీచ్‌రోడ్డు మీద వాళ్లమ్మ మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే విసనకర్ర పట్టుకుని కూర్చున్నాడనుకోండి. కారు దిగే ప్రతి పిల్లాడి కాళ్లూ కనిపిస్తాయి. లేమి ఒక బాధ. కలిమి పక్కనే కూర్చుని దాన్ని భరించడం ఇంకో బాధ. మొదటిది ఒంటికి తెలుస్తుంది, రెండోది మనసుకి.

ఒంటి సంగతే తీసుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల వయసున్న పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత. ఇది పేదింటికే పరిమితం కాకపోయినా, అక్కడే ఎక్కువ. ఒంట్లో ఇనుము చాలని పిల్ల ఏం చేస్తుంది? నీరసంగా ఉంటుంది. చెప్పింది బుర్రకెక్కదు. గోడకి చేరగిలబడుతుంది. మనం దానికి ‘మొద్దు’ అని పేరు పెట్టేస్తాం. ఉక్కు పండించే ఊళ్లో పిల్లల నెత్తుట్లో ఇనుము చాలకపోవడం... ఇంతకన్నా ఏం చెప్పను!

ఇక మనసు సంగతి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద ‘దారి కనుక్కోండి’ పజిళ్లు ఇచ్చారు. మన ఆదివారం పుస్తకాల్లో వస్తాయే, అలాంటివే. ఎవరు ఏ కులమో పైకి చెప్పనప్పుడు అగ్రకులాల పిల్లలూ, దళితుల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. అదే అందరి ముందూ పేరుతో పాటు కులం కూడా చదివి పజిళ్లిచ్చేసరికి దళితుల పిల్లలు వెనకబడిపోయారు. అదే వయసు, అదే బుర్ర, అవే పజిళ్లు. మధ్యలో జరిగిందల్లా ‘నువ్వెవరివో మాకందరికీ తెలుసు’ అని గుర్తుచేయడమే. అది కులం మీద చేసిన ప్రయోగం. కానీ ‘ఫీజు కట్టనివాళ్లు లేచి నిలబడండి’ అన్న మాట విన్న పిల్లాడికి, ఆ తర్వాత జరిగే లెక్కల పాఠం ఏపాటి ఎక్కుతుందో ఊహించుకోండి.

మా నాన్నగారు వారాలు చేసుకుని చదువుకున్నారు. ఈ తరం పిల్లలకు చెప్పాలంటే... వారంలో రోజుకో ఇంట భోజనం చేస్తూ చదువుకోవడం. (ఆ వారాలు కూడా అన్ని కులాల పిల్లలకూ దొరికేవి కావన్నది మర్చిపోకూడదు.) ఆయనకు ఎనభై దాటాక కూడా రెండిళ్లు బాగా గుర్తు. గురువారం ఇంట్లో పప్పూ నెయ్యీ దండిగా ఉండేవి. కానీ అందరి భోజనాలూ అయ్యాక, పెరటి వసారాలో ఒక్కణ్నీ కూర్చోబెట్టి వడ్డించేవారు. శనివారం ఇంట్లో చారూ మజ్జిగే. కానీ ఆ ఇల్లాలు తన పిల్లల వరసలో కూర్చోబెట్టి, ‘ఇంకో ముద్ద కలుపుకో నాయనా’ అనేది. ‘గురువారం కడుపు నిండేది. శనివారం నేను నిండేవాణ్ని’ అనేవారు నాన్న. అరవై అయిదేళ్ల తర్వాత కూడా ఆ వసారా తలుచుకుంటే ఆయన గొంతు మారిపోయేది.

పెట్టడం ఒక ఎత్తు. ఎలా పెట్టామన్నది ఇంకో ఎత్తు. సుప్రీంకోర్టు 2001 నవంబరులో, సర్కారు బడిలో పిల్లలకు వండిన అన్నమే పెట్టాలంది. 2003 జనవరిలో మన రాష్ట్రంలో మొదలైంది. పేరు ఎన్నిసార్లు మారినా అన్నం మాత్రం ఆగలేదు. ఇప్పుడు దానికి డొక్కా సీతమ్మ పేరుంది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అన్నం పెట్టిన తల్లి పేరు అంతకన్నా దేనికి తగుతుంది! ఆ పథకంలో నాకు నచ్చింది కోడిగుడ్డు ఒక్కటే కాదు. అందరికీ ఒకే పంక్తి. ‘నీకు ఆకలిగా ఉందా? చెయ్యెత్తు’ అని ఎవరూ అడగరు. ఆకలిగా ఉన్నవాడు సిగ్గుపడకుండా తింటాడు.

పేదరికం విధి రాత అనుకునేవాళ్లకి ఇంకో ముచ్చట. మన వీధికో నలుగురు పిల్లలున్న అమెరికా సంగతే. అంత సంపన్న దేశంలోనూ పేద పిల్లలున్నారు. కొవిడ్ కాలంలో 2021లో అక్కడి ప్రభుత్వం పిల్లలున్న ఎక్కువ కుటుంబాలకు, ఒక్కో పిల్లకు నెలకు 250 నుంచి 300 డాలర్లు ఆరు నెలలపాటు నేరుగా ఇచ్చింది. ఆ ఏడాది అన్ని సాయాలూ కలిపి లెక్కేస్తే, పిల్లల్లో పేదరికం నూటికి 5.2కి దిగింది. తర్వాత ఆ సాయాన్ని ఆపేశారు. 2022లో అది 12.4కి ఎగబాకింది. ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటింది! ఆ పిల్లల తల్లిదండ్రులు ఒక్క ఏడాదిలో సోమరులైపోయారా? లేదు కదా. పెద్దలు ఒక నిర్ణయం తీసుకుంటే తగ్గింది, ఇంకో నిర్ణయం తీసుకుంటే పెరిగింది. అంతే. మన దగ్గర పిల్లల్ని బడికి పంపే తల్లుల ఖాతాలో వేసే డబ్బుని ‘ఊరికే పంచిపెట్టడం’ అని విసుక్కునే ముందు ఈ లెక్క గుర్తుచేసుకుంటే మంచిది.

ఇంతా రాసి నా తప్పు చెప్పకపోతే ఎలా? రెండేళ్ల కిందట మా మనవరాలి పుట్టినరోజు. దానికి పొట్టయిన గౌన్లు, మంచివే, ఓ సంచీలో పెట్టి ఈ పిల్లకిచ్చాను. ఎప్పుడిచ్చాను? కేకు కోసేటప్పుడు, మనవరాలి స్నేహితులందరి ముందూ! ‘థాంక్యూ చెప్పు’ అని కూడా అన్నాను. చెప్పింది. ఆ గౌన్లు ఒక్కనాడూ వేసుకోగా చూడలేదు. ‘ఎంత పొగరో’ అనుకున్నాను అప్పుడు. బస్సు సంగతి తెలిశాక గానీ నాకు నా గురువారం వసారా కనబడలేదు.

మర్నాడు వాళ్ల బడికి వెళ్లి టీచరుగారిని కలిశాను. ఆరు వందలూ బల్ల మీద పెట్టి, నా పేరు చెప్పొద్దన్నాను. ఆవిడ నవ్వి, ‘ఒక్క పిల్లని తీసుకెళ్తే మిగిలిన పదముగ్గురి మాటేమిటండీ? ఒకడికి జ్వరమొస్తుందట, ఒకత్తి అమ్మమ్మగారింటికి వెళ్తుందట, ముగ్గురు ఇదివరకే చూసేశారట. కారణాలన్నీ నా దగ్గర రాసున్నాయి’ అని రిజిస్టరు చూపించారు. పద్నాలుగు అబద్ధాలు! ఎంత కష్టపడి కనిపెట్టుకున్నారో పాపం.

మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్లున్నాయి. కార్తీకమాసం పిక్నిక్‌కి ఎలాగూ చందాలు వేసుకుంటాం. ఈసారి ఇంకాస్త ఎక్కువ వేసుకున్నాం. టీచరుగారు క్లాసులో ఎవరి పేరూ ఎత్తలేదు. ‘బస్సువాళ్లు ధర తగ్గించారర్రా. అందరికీ యాభై రూపాయలే. ముందు కట్టినవాళ్లకి మిగతాది తిరిగిచ్చేస్తాం’ అన్నారంతే. జ్వరం రావాల్సినవాడికి రాలేదు. అమ్మమ్మగారింటి ప్రయాణం ఆగిపోయింది. డిసెంబరులో బస్సు బయల్దేరింది.

ఇదేదో ఘనకార్యమని రాయడం లేదు. ఒక్క రోజు యాత్రతో ఎవరి పేదరికమూ తీరదు. వాళ్లమ్మ జీతం పెంచడం అంతకన్నా ముందు చేయాల్సిన పని. అది మొన్న సంక్రాంతికి చేశాను, ఆలస్యంగానైనా. పెద్ద నిర్ణయాలు ప్రభుత్వాలు తీసుకోవాలి. మన చేతిలో ఉన్నవి చిన్నవి. క్లాసులో డబ్బులు అడగాల్సి వస్తే పిల్లల్ని నిలబెట్టి కాకుండా పెద్దవాళ్లని పిలిచి అడగొచ్చు. పుట్టినరోజుకి ఖరీదైన కానుకలు పంచకుండా ఉండొచ్చు. పేద పిల్లలకు ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లివ్వాలని 2009లోనే చట్టం చేశారు. సీటివ్వడం చట్టం పని. ఆ పిల్లాడి పక్కన కూర్చుని డబ్బా విప్పడం మన పిల్లాడి పని. అది నేర్పాల్సింది మనమే.

అరకు వెళ్లొచ్చిన మర్నాడు ఆదివారం. ఆ పిల్ల వచ్చింది. మొదటిసారి పేపరు ముట్టుకోలేదు. బొర్రా గుహల్లో చీకటి, కొండ మీద మంచు, వెదురుబొంగు చికెను వాసన... ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది.

‘మరి వాంతులో?’ అన్నాను ఉండబట్టలేక.

నావైపు ఓ క్షణం చూసింది. నాకు తెలుసని దానికి తెలిసిపోయినట్టుంది.

‘అనంతగిరి ఘాట్‌రోడ్డు మీద మా టీచరుగారికి అయ్యాయండీ. నిమ్మకాయ ఇచ్చాను’ అంది.