కర్మాగారమునకు ముందు లెక్క

2025 ఆగష్టు 12వ తేదీన కేంద్ర మంత్రివర్గము నాలుగు సెమీకండక్టరు కర్మాగారముల కనుమతి నొసంగెను. అందొకటి ఆంధ్రప్రదేశమునకు లభించినది. దక్షిణ కొరియాకు చెందిన ఆపాక్ట్ కంపెనీ సాంకేతిక సహకారముతో అసిప్ టెక్నాలజీస్ వారు నెలకొల్పదలచిన యీ కర్మాగారమునకు ఏటా 9 కోట్ల 60 లక్షల చిప్పుల సామర్థ్యముండునని ప్రభుత్వ ప్రకటన. నర్సీపట్నము వంటి యూళ్ల యువకుల కీ వార్త ఆశ గొల్పుట సహజము. మేమును సంతసించుచున్నాము. కాని గోడలు లేచినంతమాత్రమున స్వావలంబనము సిద్ధింపదు. ఏ సరకు, ఎంత, ఎప్పుడు కావలయునో ముందుగా గణించి తెప్పించు సరఫరా ప్రణాళిక యెవరి చేతిలో నుండునో, కర్మాగారపు ప్రాణమును వారి చేతిలోనే యుండును.

మన చెఱకు రైతున కిది క్రొత్త సంగతి గాదు. నఱికిన చెఱకు నిలువయుండిన రసము తగ్గును. కావుననే మిల్లు ఎంత ఆడగలదో చూచి కటింగు ఆర్డరు లిచ్చెదరు. ఆ లెక్క తప్పి బండ్లు బారులు తీరినచో నష్టమెవరిదో రైతునకు బాగుగ తెలియును. చిప్పుల పనియు నిట్టిదే. గడువు మాత్రము దీర్ఘము. సిలికాను పలకపై వందలకొలది ప్రక్రియలు జరిగి చిప్పు సిద్ధమగుటకు ఇంచుమించు మూడు మాసములు పట్టును. పిదప దానిని కోసి, తొడుగు వేసి, పరీక్షింపవలెను. నేటి యవసరమునకు నేడు కోరిన లభింపదు.

2020లో కరోనా మహమ్మారి వ్యాపింపగా, గిరాకి పడిపోవునని తలచి కార్ల కంపెనీలు చిప్పుల ఆర్డర్లను తగ్గించుకొన్నవి. గిరాకి తిరిగి వచ్చుసరికి ఫోన్లు, కంప్యూటర్లు చేయువారు ఆ పాలు నాక్రమించియుండిరి. 2021 మార్చిలో జపానునందలి రెనెసాస్ కర్మాగారమున జరిగిన అగ్నిప్రమాదము కఱవును మఱింత పెంచెను. ఆ సెప్టెంబరులో తన యుత్పత్తి సాధారణములో నూటికి 40 వంతులు మాత్రమే యుండగలదని మారుతీ సుజుకీ ప్రకటింపవలసివచ్చెను. చిన్న చిప్పు లేక పెద్ద కారు నిలిచిపోయెను! భయపడి గోదాములు నింపుటయు మందు గాదు. 2023 నాటికి మెమరీ చిప్పులు పేరుకొనిపోయి ధరలు కూలగా ఆ కంపెనీలు భారీ నష్టములపాలైనవి.

ఆంధ్రమునకు రానున్నది తొడుగు వేసి పరీక్షించు కర్మాగారము. అందలి ముడి చిప్పులు అన్యత్ర తయారై రావలసియున్నవి. కావున నిచ్చట ముందుచూపు రెండింతలు కావలయును. ప్రభుత్వము భూమిని, రాయితీలను ఒసంగునప్పుడే ప్రణాళికా విభాగములును ఈ రాష్ట్రముననే యుండవలెనని కోరవలెను. మన ఇంజనీరింగు కళాశాలలును, పాలిటెక్నిక్కులును గిరాకి యంచనా, నిల్వల లెక్క, గడువుల లెక్క బోధింపవలెను.

లెక్క పొరబడిన దినమున మొదట పని పోవునది కాంట్రాక్టు కూలికే. ఆ లెక్క దూరదేశమున నెవరో వ్రాయుచుండ, మన బిడ్డలు గేటు నొద్ద ఫలితమునకై వేచియుండరాదు. లెక్క వ్రాయు బల్ల యొద్దను వారికి చోటు కావలయును.